గింజ తీసిన పండు

ఆ ఏడు మా జరీద్ ఎడారి సీమలో ఖర్జూరం విరగకాసింది. గెలల బరువుకి మట్టలు ఒరిగిపోతుంటే తాళ్ళు కట్టి నిలబెట్టారు. ఊరంతా తీపి వాసన, ఈగల మోత. మా ఇంట్లో మాత్రం ఖర్జూరాల పెట్టెకి తాళం, ఆ తాళంచెవి నా మెడలో. గడప తొక్కినవాడికి ముందు పండూ పాలూ పెట్టని ఇంటిని మా ఒయాసిస్సులో ఇల్లనరు. అలాంటి ఊళ్ళో పుట్టి ఖర్జూరానికి తాళం వేసిన ఆడదాన్ని నేనొక్కదాన్నే అయ్యుంటాను.

తాళం మా అమ్మ కోసం. అమ్మ పేరు హద్దా. రెండు కిడ్నీలూ చెడిపోయి, వారానికి మూడుసార్లు పట్నం ఆస్పత్రిలో మిషను మీద రక్తం కడిగించుకునేది. మంగళ, గురు, శనివారాలు. ఆ రోజుల్లో అమ్మని షేర్ టాక్సీ ఎక్కించి, మిషను పక్కన కుర్చీలో పూటంతా కూర్చుని, తిరిగి తీసుకురావడం నా పని. ఖర్జూరంలో ఉండే పొటాషియం అనేదేదో ఈ రోగుల గుండెని ఆపేస్తుందట. నర్సు నజీహా మొదటిరోజే అమ్మకి వేలు చూపించి మరీ చెప్పింది.

"అత్తా, రొట్టె తిను, కుస్కుస్ తిను, కావాలంటే నన్ను తిను. ఖర్జూరం జోలికి మాత్రం పోకు."

"నిన్ను తింటే నా పళ్ళకి ఎముకలే తగుల్తాయి, బక్కదానా" అంది అమ్మ. అప్పటికి అమ్మకి మిగిలినవే రెండో మూడో పళ్ళు. వార్డంతా నవ్వింది. తిరుగుదారి పొడుగునా తోటలు చూస్తూ అమ్మ మాత్రం నవ్వలేదు. "చేప ఏట్లో ఉండి నీళ్ళు తాగకూడదంటే ఎలాగే?" అంది ఇల్లు చేరాక.

ఇంట్లో ఉన్న రెండోవాడు మా అన్న ఫర్హాత్. ఒకప్పుడు మా ఊళ్ళో చెట్టు చివరికెక్కి గెల కోసే మొనగాడు. తర్వాత తలలో గొంతులు మొదలయ్యాయి. గొంతులంటే మనకి వినపడనివి, వాడికి మనకంటే గట్టిగా వినపడేవి. మాత్ర వేసుకుంటే అవి అణుగుతాయి, వాడూ అణుగుతాడు. గోడకి చేరగిలబడి, సాయంత్రం దాకా ఉలుకూ పలుకూ లేకుండా ఉంటాడు. ఎన్నడూ ఎవరి మీదా చెయ్యెత్తలేదు. ఏ స్థితిలో ఉన్నా ఒక్క పని మాత్రం మరవలేదు. ఒంట్లో నీరు నిలిచిపోతుందని అమ్మకి రోజుకి ఇన్నే నీళ్ళని డాక్టర్లు గీత గీశారు, ఆ నీళ్ళు టీ గ్లాసుతో కొలిచి పొయ్యడం వాడే చేసేవాడు. ఒక్క చుక్క ఎక్కువ పొయ్యమని అమ్మ తిట్టినా, బతిమాలినా పోసేవాడు కాదు.

ఆ ఏడు వేసవి చివర వాడు మాత్ర మానేశాడు. "ఇది నా నాలిక్కి తాడు కడుతోందే" అని నా చేతిలోంచి తోసేశాడు.

సంగతి పెదనాన్నకి తెలిసింది. మెస్సావుద్ పెదనాన్న మా నాన్నకి అన్న. నాన్న పోయాక తోట ఆయనే చూస్తున్నాడు. చెడ్డవాడని అనను, భయస్తుడు. నలుగురూ ఏమనుకుంటారో అని గడ్డం కూడా నలుగురినీ అడిగి కత్తిరించుకునే రకం. ఒకరోజు మా పెరట్లో నిలబడి, కూర్చోమంటే కూర్చోకుండా చెప్పేశాడు.

"చూడు మబ్రూకా. కోతల కాలం. కూలీలొస్తారు, వ్యాపారులొస్తారు. వీడు వీధిలో కేకలేస్తే మన తోటకి ఎవడొస్తాడు? కోతలయ్యేదాకా చూస్తాను. కుదురుగా ఉన్నాడా, సరే. లేదా, రాజధానిలో పెద్దాస్పత్రిలో పడేస్తాను. అక్కడ వాళ్ళే చూసుకుంటారు."

"అక్కడికెళ్ళిన మా వీధి సాదిఖ్ తిరిగొచ్చాడా, పెదనాన్నా?"

"తిరిగి రాలేదంటే బాగున్నట్టేగా."

పెద్దవాళ్ళతో వాదించేదాన్ని కాదు అప్పట్లో. ఆ రోజు మాత్రం లోపల పళ్ళు నూరుకున్నాను. ఫర్హాత్ వెళ్ళిపోతే అమ్మ మిషను మానేస్తుందని నాకు తెలుసు. వాడు కొలిచిపోసే నీళ్ళ కోసమే తను బతికున్నానని అమ్మ అంటుండేది. ఇద్దరిలో ఒకరిని తీసేస్తే రెండోవాళ్ళు ఉండరు. వాళ్ళని అలా కట్టి ఉంచడమే ఆ ఏడు నా పని.

ఉపాయం చెప్పింది అమ్మ అక్క, పెద్దమ్మ ఖమీసా.

"ఇంత చదివి ఇంత తెలివితక్కువదానివేమే? ఖర్జూరంలో గింజ తీసెయ్యి, మాత్ర పెట్టెయ్యి, నొక్కెయ్యి. మా మామగారికి అలాగే పెట్టాను. మేకలకీ అలాగే పెడతాం."

"మా అన్న మేక కాదు, పెద్దమ్మా."

"అందుకేగా, ఒక్కటే పెడితే కనిపెట్టేస్తాడు. గుప్పెడు పళ్ళకి గింజలు తియ్యి, ఒక దాంట్లో పెట్టు."

అలాగే చేశాను. రోజూ మేక పాలు పితికే వేళకి పెట్టె తెరిచి, మంచి నూర్ రకం పళ్ళు ఏరి, గింజలు తీసి, ఒక దాంట్లో మాత్ర కూరి, చిన్న పళ్ళెంలో ఫర్హాత్ చేతికి ఇచ్చేదాన్ని. వాడు పళ్ళెం కేసీ నా కేసీ చూసి తలూపేవాడు. ఆ తలూపడంలో ఏదో ఒప్పందం ఉన్నట్టుండేది. నేను మేక దగ్గరికి పోయి వచ్చేసరికి పళ్ళెం ఖాళీ. పెద్దమ్మ బుర్ర పాదరసం అనుకున్నాను.

పైగా, చెప్తే నమ్మరు, వాడు బాగుపడ్డాడు. గోడ వదిలాడు. పెరడు ఊడ్చాడు. అమ్మ గదిలో నీళ్ళు కొలుస్తూ కబుర్లు చెప్పేవాడు, చిన్నప్పుడు చెట్టు మీంచి పడి పెద్దమ్మ మేకని చంపిన కథ చెప్పి అమ్మని నవ్వించేవాడు. ఎన్నేళ్ళ తర్వాతో ఆ గదిలోంచి ఇద్దరి నవ్వూ కలిసి వినపడింది. నేను మేక పొదుగు పట్టుకుని అలాగే ఉండిపోయాను. నాకు దేవుడి మీద కూడా కోపం పోయింది ఆ సాయంత్రం.

కోతలు మొదలయ్యాయి. మా దగ్గర ఖర్జూరం గెలని కోసి కింద పడెయ్యరు, పండు చితుకుతుందని. మొనగాడు చివరికెక్కి కోస్తాడు. వాడి కింద ఒకడు, వాడి కింద ఇంకొకడు, నేల దాకా మనుషులు బోదెని కరుచుకుని నిలబడతారు. గెల చేతికి చెయ్యి మారుతూ దిగుతుంది. ప్రవక్త పేర సలాములు చదువుతూ దింపుతారు. వరసలో ఒక్కడు చెయ్యి జారితే అందరి కష్టం నేలపాలు. ఆ వరసలోకి ఎవరిని పిలుస్తారన్నది మా ఊళ్ళో మర్యాద లెక్క.

"నేనెక్కుతాను" అన్నాడు ఫర్హాత్.

పెదనాన్న నా మొహం చూశాడు. నేను తలూపాను. మాత్ర పడుతోందన్న ధైర్యం నాది.

ఎక్కాడు. కాళ్ళు మరిచిపోలేదు. నడుముకి తాడు కూడా వద్దని నవ్వాడు. పైన మట్టల మధ్య నిలబడి మొదటి గెల కోసి అందిస్తే, కింద ముసలివాళ్ళు "ఫర్హాత్ మళ్ళీ వచ్చాడ్రా" అన్నారు. పెదనాన్న గడ్డం సవరించుకుంటూ, ఆ మొనగాణ్ణి తనే కన్నట్టు అటూ ఇటూ తిరిగాడు. ఆ వారమంతా నా అన్నం నాకు రుచిగా ఉంది.

తర్వాత వారం నుంచి వాడు నిద్రపోవడం తగ్గించాడు. గది మూలకి చూసి "సరే, సరే" అనేవాడు. నేను పళ్ళెంలో పళ్ళు పెంచాను. మాత్రలు రెండు పెడదామా అని కూడా ఆలోచించి, భయపడి ఊరుకున్నాను. అమ్మ కూడా అదోలా ఉంది, మెట్టు ఎక్కాలంటే మోకాళ్ళు పట్టు తప్పుతున్నాయంది. చలికాలం వస్తోంది కదా అనుకున్నాం. రెండు కళ్ళూ తెరుచుకుని రెండూ చూడలేదు నేను.

సోమవారం, తోటలో అన్నిటికంటే పొడుగు చెట్టు. గెల కోశాడు ఫర్హాత్. కోసి, కిందవాడికి అందించలేదు. పిల్లాణ్ణి ఎత్తుకున్నట్టు గుండెకి హత్తుకుని నిలబడ్డాడు.

"ఇవ్వరా" అన్నాడు కిందవాడు.

"వద్దంటున్నారు."

"ఎవరు?"

"అంతా."

సలాములు ఆగిపోయాయి. చెట్టు పొడుగునా మనుషులు ఖాళీ చేతులు చాపి ఉన్నారు. కాసేపు ఎగతాళి చేశారు, కాసేపు తిట్టారు, తర్వాత భయపడ్డారు. ఒక్కొక్కడే దిగిపోయాడు. చెట్టు కింద పెదనాన్న మొహం బూడిద రంగుకి తిరిగింది. వచ్చిన వ్యాపారి తన మనుషుల్ని పక్కతోటకి తీసుకుపోయాడు.

నేను వెళ్ళి బోదె దగ్గర నిలబడ్డాను. దిగమని అడగలేదు. పది మంది అడిగి అయిపోయింది.

"అన్నా, అమ్మకి నీళ్ళ వేళయింది. గ్లాసు ఎక్కడ పెట్టావో నాకు కనపడటం లేదు."

పైనుంచి "కిటికీలో ఉంది" అని వినపడింది.

"నేను పోస్తే ఎక్కువ పోసేస్తాను, నీకు తెలుసుగా."

దిగాడు. గెల వదల్లేదు, ఒంటి చేత్తో దిగాడు. నేను కళ్ళు మూసుకున్నాను. నేల తాకాక గెల నాకిచ్చి, ఎవరినీ చూడకుండా ఇంటికి నడిచాడు, అమ్మకి నీళ్ళు పొయ్యడానికి.

"గురువారం బండి మాట్లాడి తెస్తాను" అన్నాడు పెదనాన్న నా వెనక నుంచి. "ఇంక నన్ను బతిమాలకు." బతిమాలలేదు. బతిమాలడానికి ఏముంది, అంత ఊరూ చూశాక.

మంగళవారం ఆస్పత్రి మెట్ల మీద అమ్మ కూలబడింది. గుండె కొట్టుకోవడం మరిచిపోతూ కొట్టుకుంటోందట. మిషను మీద పెట్టి, సూదులు పొడిచి, సాయంత్రానికి మనిషిని చేశారు. నజీహా నన్ను పక్కకి లాగింది.

"ఎవరు పెట్టారు ఖర్జూరాలు?"

"ఎవరూ లేదు. తాళంచెవి నా మెళ్ళోనే ఉంది, చూడు."

"మబ్రూకా, రక్తం అబద్ధం చెప్పదు. ఒకటీ అరా కాదు, రోజూ తింటోంది."

అమ్మని అడిగితే ఊళ్ళో సమాధులున్న వలీలందరి మీదా ఒట్టేసింది. ఒట్లు అన్ని పడేసరికే నాకు అర్థం కావలసింది.

గురువారం పొద్దున పెదనాన్న నిజంగానే బండి తెచ్చాడు. వెనక సీట్లో దుప్పటి కూడా పరిచాడు. అమ్మ లోపల మంచం మీద ఉంది. ఫర్హాత్ పెరట్లో చేతులు కడుక్కుంటున్నాడు. నేను వాడి బట్టలు మూట కట్టకుండా మొండిగా గుమ్మంలో నిలబడ్డాను.

"ముందు ఆ ఖర్జూరాల సంగతి తేల్చు" అన్నాడు పెదనాన్న. "హద్దాకి పెట్టిందెవరు?"

"నేనే" అన్నాడు ఫర్హాత్.

చేతులు తుడుచుకుంటూ, చాలా మామూలుగా అన్నాడు. పెదనాన్న నుదురు కొట్టుకున్నాడు.

"విన్నావా? కన్నతల్లిని చంపబోయాడు. ఇంకా ఉంచుకుంటావా వీణ్ణి?"

"నేను ఊరికే మోశాను" అన్నాడు వాడు నా వైపు తిరిగి. "పంపింది నువ్వు కదే. నర్సమ్మకి భయపడి నీ చేత్తో పెట్టలేక నాకిస్తున్నావనుకున్నాను. రోజూ గింజ తీసి మరీ ఇచ్చావు. గింజ తీసిన పండు పళ్ళు లేనివాళ్ళకే కదా పెడతారు? నాకు పళ్ళున్నాయి."

నేను గడప మీద కూర్చుండిపోయాను. మా ఊళ్ళో మూడేళ్ళ పిల్లకి తెలిసిన మాట అది. పసివాళ్ళకీ ముసలివాళ్ళకీ తప్ప ఎవరికీ గింజ తీసి పెట్టం. ఎదిగిన మగాడికి పెడితే అవమానం. వాడు అవమానం అనుకోలేదు, చెల్లెలు తల్లికి దొంగతనంగా పెడుతున్న ప్రేమ అనుకున్నాడు. మా ముగ్గురిలోకీ తిన్నగా ఆలోచించినవాడు వాడొక్కడే.

నేను నోరు తెరిచేలోపే వాడు వెళ్ళి బండి వెనక సీట్లో దుప్పటి మీద కూర్చున్నాడు. "అమ్మ నా వల్ల పడిపోయింది. పోదాం" అన్నాడు.

అప్పుడు లోపలి నుంచి అమ్మ వచ్చింది. గోడ పట్టుకుని, చెప్పులు లేకుండా, ఆయాసపడుతూ. నన్ను దాటింది, పెదనాన్నని దాటింది, బండి అవతలి తలుపు తీసి ఫర్హాత్ పక్కన ఎక్కి కూర్చుంది.

"హద్దా, ఇదేం పని?" అన్నాడు పెదనాన్న.

"తిన్నది నేను. పోవలసింది నేను. పోనియ్యండి, బావగారూ."

తల మీది గుడ్డ కొంగు ముడి విప్పింది. అందులో మాత్రలు, ఖర్జూరం జిగురుకి ఒకదానికొకటి అంటుకుని ముద్దయిపోయాయి.

"వాడికేమీ తెలీదు. పండులో మాత్ర నాకే తగిలింది. వాడిదని నాకు తెలుసు. పారేస్తే పాపం, మింగితే చస్తాను, చెప్తే ఇది పండు ఆపేస్తుంది." ఇది అంటే నేను. కాసేపు ఊపిరి పీల్చుకుంది. "పండొక్కటే అయితే మానేదాన్నేమో, బావగారూ. వీడు నాతో మాట్లాడాడు. ఎన్నేళ్ళయింది నా కొడుకు నాతో మాట్లాడి? మాత్ర పడితే మళ్ళీ మూగవాడవుతాడని ముడేసుకున్నాను."

అమ్మని తిట్టాలని నాకు నోటిదాకా వచ్చింది. ఆ నవ్వు నేనూ విన్నాను కదా, తిట్టలేకపోయాను.

లోపలికి వెళ్ళి అట్టలోంచి కొత్త మాత్ర తీసి, చేతిలో పెట్టుకుని, నీళ్ళు తీసుకుని బండి దగ్గరికి వచ్చాను. ఫర్హాత్ దాన్ని చూశాడు.

"ఇది వేసుకుంటే వాళ్ళు ఊరుకుంటారా?"

"తగ్గుతారు."

"నేనూ తగ్గుతాను."

"అవును" అన్నాను. ఆ రోజు అబద్ధం చెప్పే ఓపిక నాకు లేదు. "ఇవాళ డాక్టర్ని అడుగుదాం. ఇదొక్కటే మందా ప్రపంచంలో అని అడుగుదాం."

వాడు అమ్మని చూశాడు. అమ్మ వాడి మోకాలి మీద చెయ్యి వేసింది. "నువ్వు వేసుకో. నువ్వు మాట్లాడకపోతే నేను మాట్లాడతాలే. నాకేం, నోరు బాగానే ఉంది."

వేసుకున్నాడు. నేను ఇచ్చిన నీళ్ళలో సగం మిగిల్చి, అవి అమ్మకి అందకుండా బండి కిటికీలోంచి బయటికి పారబోశాడు.

పెదనాన్న స్టీరింగు ముందు కూర్చుని చాలాసేపు అద్దం తుడిచాడు. తర్వాత, ఎవరినీ చూడకుండా అడిగాడు.

"ఇవాళ గురువారం కదా. మిషను ఎన్నింటికి?"

చెప్పాను. బండి ఎక్కబోయాను.

"నువ్వెక్కడికి? చోటు లేదు" అన్నాడు. ముందు సీటు ఖాళీగా ఉంది. దాని మీద తన టోపీ తీసి పెట్టాడు.

బండి వెళ్ళిపోయింది. ఇంట్లో ఒక్కదాన్నే. అలా ఒక్కదాన్నే ఎప్పుడున్నానో గుర్తు రాలేదు. వంట చెయ్యాలనుకున్నాను, ఎవరికి? ఊడ్చిన పెరడే మళ్ళీ ఊడ్చాను. పెద్దాస్పత్రి దారి పట్టించేశాడేమో అని ఒకసారి వీధి చివరిదాకా పోయి వచ్చాను. తర్వాత అమ్మ మంచం మీద కాస్త నడుం వాల్చాను. పట్టపగలు, తలుపు తీసి ఉండగానే, ఒళ్ళు తెలీని నిద్ర పట్టింది.

బండి చప్పుడికి లేచేసరికి పొద్దు వాలింది. అమ్మ దిగింది, పెదనాన్న బండి నడిపిన తీరుని తిడుతూ. ఆమె వెనక ఫర్హాత్ దిగాడు. నిద్ర కళ్ళతో, మాటా పలుకూ లేకుండా, తిన్నగా కిటికీ దగ్గరికి పోయి గ్లాసు అందుకున్నాడు. డాక్టరు మాత్ర మార్చి రాశాడట, సరిపడుతుందో లేదో చూడాలన్నాడట. పెద్దాస్పత్రి ఊసు ఎవరూ ఎత్తలేదు.

పెదనాన్న నడుం పట్టుకుని గుమ్మంలోకి వచ్చి, ఈసారి కూర్చోమనకుండానే కూలబడ్డాడు.

"ఆ కుర్చీ ఏం కుర్చీయే, వెన్నుపూస కదిలిపోయింది. అటు మిషను కూస్తే గుండె ఆగుతుంది. ఇటు వీడు లేచి నిలబడితే ఎక్కడికి పోతాడో అని ప్రాణం పోతుంది. మూత్రానికి కూడా పోలేదు నేను." కాస్త ఆగి, మొదటిసారి నన్ను నిదానంగా చూశాడు. "వారానికి మూడుసార్లు నువ్వెలా కూర్చుంటున్నావే?"

అంతవరకూ ఊరంతా అమ్మెలా ఉందని అడిగింది, ఫర్హాత్ ఎలా ఉన్నాడని అడిగింది. నన్నెవరూ అడగలేదు. ఎవరైనా అడిగితే చెప్పడానికి ఎన్నో దాచుకున్నాననుకున్నాను, ఒక్కటీ రాలేదు. ఏడుస్తానేమోనని భయమేసి, టీ కెటిల్ వైపు తిరిగి నిలబడ్డాను.

"శనివారం కూడా మీరే తీసుకెళ్ళండి, పెదనాన్నా" అన్నాను.

నా వెనక ఆయన చాలాసేపు మూలిగాడు. శనివారం, మేము లేవకముందే బండి తెచ్చి గుమ్మం ముందు పెట్టాడు.